నేను నాస్తికుణ్ణయిన శుక్రవారం

యూట్యూబ్‌లో నా బొమ్మ ఒకటి ఉంది. ఎడమపక్క చింపాంజీ, కుడిపక్క నేను, మధ్యలో మంటలు మండుతున్న ఎర్ర అక్షరాల్లో 'కోతిని నమ్మిన సైంటిస్టు కన్నీటి సాక్ష్యం' అని. లక్షలమంది చూశారు. మా ఆవిడకు చూపిస్తే కళ్ళజోడు పైకి తోసి, కిందికి దించి, "ఎవరు ఎవరో కింద పేర్లు వెయ్యలేదేంటండీ" అంది.

లక్షలమంది అన్నాను గానీ, తొమ్మిది వందల చిల్లర. అందులో రెండు మూడు వందలసార్లు నేనే చూసి ఉంటాను. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాక కూడా మనిషికి తన మొహం మీద ఇంత మోజు ఉంటుందని నాకు తెలియదు. ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. అయితే పెంచినది కడుపులో ఇమడదు, కాసేపటికి కక్కేస్తాను. ఈ రాతలోనూ అదే జరుగుతుంది.

నేను పుట్టింది రేపల్లెలో. ముప్ఫై మూడేళ్ళు జంతుశాస్త్రం చెప్పింది బాపట్ల కాలేజీలో. రిటైరయ్యాక కాపురం తెనాలిలో. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం, సభ్యత్వం ఇప్పటికీ రేపల్లె సంఘంలోనే. ఆదివారం గుడికీ, సోమవారం పరిణామం పాఠానికీ నేను ఒకే చొక్కా వేసుకుని వెళ్ళాను. ఇది ఉపమానం కాదు. మంచి చొక్కా ఒకటే ఉండేది.

పరిణామం నాకు పుస్తకంలో బొమ్మ కాదు. ఏటా చలికాలంలో పిల్లల్ని నిజాంపట్నం దగ్గర మడ అడవుల్లోకి తీసుకెళ్ళేవాణ్ణి. అక్కడ బురదలో నడిచే చేప ఒకటుంది. రెక్కల మీద మోచేతుల్లా ఆనుకుని, నీళ్ళు వదిలేసి బురద మీదికి వచ్చి, నెత్తి మీది కళ్ళతో మనకేసి చూస్తుంది. "టోపీలు తియ్యండి, మన పెద్దలొచ్చారు" అనేవాణ్ణి పిల్లలతో. అది మన పూర్వీకుడేమీ కాదు, బాగా దూరపు చుట్టం. ఆ సంగతి పరీక్షకు వారం ముందు చెప్పేవాణ్ణి.

ఒక ఏడాది అలా వెళ్ళి వస్తుంటే బస్సులో ఒక అమ్మాయి నా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. నగరం దగ్గర పల్లెటూరి పిల్ల. విశ్వాసుల ఇల్లు. "సార్, అయితే దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేశాడన్నది అబద్ధమాండి" అంది.

"సూర్యుడు నాలుగో రోజున వచ్చాడని అక్కడే ఉంది గదమ్మా. మరి మొదటి మూడు రోజులు ఏ గడియారంతో లెక్కపెట్టారో కనుక్కో" అన్నాను.

"మనిషిని మట్టితో చేశాడని ఉంది కదాండి."

"మట్టి అని ఉంది. ఎంతసేపట్లో అని లేదు" అన్నాను.

ఈ మాటను నేను ఎన్నో ఏళ్ళుగా నాదని చెప్పుకుని తిరుగుతున్నాను. నాది కాదు. ఎంతసేపట్లో అని లేదుగా అన్నది ఆ పిల్లే. నేను తలూపానంతే. కానీ ఆ తలూపడం మీద ఆ పిల్ల ఇల్లు కట్టుకుంది. ఎమ్మెస్సీ చదివింది. బాపట్లలోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరరు అయింది. పెళ్ళి చేసుకుని గట్టి భక్తి ఉన్న ఇంటికి వెళ్ళింది. పరిణామం పాఠం వచ్చినప్పుడల్లా ఇంట్లో అభ్యంతరం వస్తే, "మా సారు విశ్వాసి. ఆయనే చెప్పారు" అని నన్ను అడ్డం పెట్టుకుని ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నా భుజం మీద ఎవరో ఇల్లు కట్టుకున్నారని తెలిస్తే నేను గెంతకుండా ఉండేవాణ్ణేమో. లేదు, అప్పుడూ గెంతేవాణ్ణే.

ఇక ఆ శుక్రవారం సంగతి.

మా రేపల్లె సంఘానికి మూడేళ్ళ కిందట కొత్త పాస్టరు వచ్చాడు. నలభై లోపు వయసు. చెంపకు అంటుకుని ఉండే మైకు, గుడి గోడ మీద తెర, తెర మీద ఎప్పుడూ కదులుతుండే మేఘాలు. సైన్సంతా ఫోన్లో నేర్చుకున్నాడు. 'కోతి నుంచి మనిషొస్తే ఇప్పుడున్న కోతులు ఎందుకు మారట్లేదు' అని అడిగి, జనం కేసి చూసి నవ్వుతాడు. అదే ప్రశ్న మొదటి సంవత్సరం పిల్లలు నన్ను ముప్ఫై మూడేళ్ళు అడిగారు. వాళ్ళు జవాబు కోసం అడిగేవాళ్ళు. ఈయనకు జవాబొస్తే ప్రసంగం పాడవుతుంది.

శుక్రవారాలు ఉపవాస కూటం ఉంటుంది. పొద్దున పదింటికి మొదలై మధ్యాహ్నం రెండింటికి అవుతుంది, ఆ తర్వాత అందరికీ సాంబారన్నం. మధ్యలో సాక్ష్యాలు. దేవుడు నన్ను ఏ గోతిలోంచి పైకి తీశాడో నలుగురిలో నిలబడి చెప్పడమే సాక్ష్యం. ఎవరూ రాసిపెట్టని సూత్రం ఒకటుంది దీనికి. గొయ్యి ఎంత లోతైతే స్తోత్రాలు అంత గట్టిగా వినిపిస్తాయి.

ఆ రోజు నాకన్నా ముందు లేచినవాడు తాగిన మత్తులో సొంత అన్నను కత్తితో పొడవబోయినవాడు. తర్వాత లేచినావిడ కడుపులో కణితికి డాక్టర్లు చేతులెత్తేశారు. స్తోత్రాలకు రేకులు అదిరాయి. అప్పుడు పాస్టరు వీడియో తీస్తున్న ఫోను నా వైపు తిప్పి, "మన మధ్య ఒక గొప్ప సైంటిస్టు కూర్చుని ఉన్నారు" అన్నాడు. ఎవరా అని నేనూ వెనక్కి తిరిగి చూశాను.

నేను సైంటిస్టును కాను. బొద్దింకలు కోయించాను. పరిశోధన మొదలుపెట్టి రెండేళ్ళకే మానేశాను. అయినా లేచాను. లేచాక తెలిసింది, నాకు గొయ్యి లేదని. తాగలేదు. పొడవలేదు. జబ్బంటే షుగరు. షుగరుకు ఎవరూ స్తోత్రం చెప్పరు, ఆ గుడిలో సగంమందికి ఉంది. పుట్టిన దగ్గర్నుంచీ గట్టు మీదే నడిచినవాడు గోతి గురించి ఏం చెబుతాడు? అందుకని అక్కడికక్కడే ఒకటి తవ్వుకున్నాను.

"ముప్ఫై మూడేళ్ళు నేను దేవుడు లేడని బోధించాను" అన్నాను.

అయ్యో ప్రభువా అని ఆడవాళ్ళ వైపునుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. ఆ నిట్టూర్పు రుచి మీకెలా చెప్పను? నా క్లాసులో అంత శ్రద్ధగా ఎవడూ ఊపిరి వదల్లేదు. ఇక ఆగలేదు. మనిషి కోతి సంతానమని చెప్పి వేలమంది పిల్లల ఆత్మల్ని చెరిపానన్నాను. గడ్డం ఉన్న ఒక ఇంగ్లీషు దొరను దేవుడి పీట మీద కూర్చోబెట్టానన్నాను. ఒక రాత్రి వెలుగు కనిపించిందన్నాను. ఏడ్చాను. ఏడుపు మాత్రం అబద్ధం కాదు, వచ్చింది. అబద్ధానికొచ్చే ఏడుపు నిజానికొచ్చే ఏడుపు కన్నా తేలిగ్గా వస్తుంది. ఆ రోజు సాంబారన్నంలో నాకు అందరికన్నా రెండు వడియాలు ఎక్కువ వేశారు.

తిరుగు రైల్లో మా ఆవిడ వేమూరు దాకా మాట్లాడలేదు. తర్వాత, "పెళ్ళయి యాభై ఏళ్ళు. ఒక్క ఆదివారం గుడి మానలేదు మీరు. నాస్తికులు ఎప్పుడయ్యారండీ, మధ్యాహ్నం నేను పడుకున్నప్పుడా" అంది.

"సాక్ష్యమంటే కాస్త భాష ఉండాలే" అన్నాను.

"భాషా అది" అని కిటికీ వైపు తిరిగింది.

ఆ తర్వాత నన్ను ఊరూరా పిలిచారు. ఊరూరా అంటే కాకుమాను, బాపట్ల. కాకుమానులో గొయ్యి ఇంకొంచెం లోతైంది, లేఖనాన్ని, అంటే మా పరిశుద్ధ గ్రంథాన్ని, కాల్చానన్నాను. బాపట్లలో చావబోయానన్నాను. నిజానికి నేను లేఖనాన్ని కాల్చడం అటుంచి, దాని మీద కాఫీ గ్లాసు కూడా పెట్టను.

ఒక మధ్యాహ్నం తెనాలిలో మా గుమ్మంలోకి బస్సులో నన్నడిగిన ఆ అమ్మాయి వచ్చింది. అమ్మాయి ఏమిటి, జుట్టు నెరుస్తోంది. చెప్పులు విప్పి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడింది.

"సార్, ఒక్కటే అడగడానికొచ్చానండి. మీరు అబద్ధం చెప్పింది అప్పుడా, ఇప్పుడా?"

నేను గొంతు సవరించుకున్నాను. "అదేంటంటేనమ్మా, సత్యమనేది ఒకే పొరలో ఉండదు..."

"పొరలు ఉల్లిపాయకుంటాయి" అంది వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ. "పిల్ల అడిగినదానికి చెప్పండి."

అమ్మాయి తన సంగతి చెప్పింది. ఆ వీడియో వాళ్ళ కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. అత్తగారు చూసి, "మీ సారే తప్పొప్పుకున్నాడు, ఇక నీకేంటి అమ్మాయ్" అంది. ఈమె రాజీనామా కాగితం రాసుకుంది. సోమవారం ప్రిన్సిపాల్‌కు ఇవ్వాలి.

"ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటానండి" అంది. "ప్రార్థన రావట్లేదు సార్. మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకుంటే మీరు ఏడుస్తూ కనిపిస్తున్నారు. పాఠమన్నా తప్పయ్యుండాలి, లేకపోతే మీరన్నా. ఏదో ఒకటి తేల్చి చెప్పండి, నేను దాన్ని వదిలేసుకుంటాను."

జీవితంలో నన్ను అంత తిన్నగా ఎవరూ అడగలేదు. "ఇప్పుడమ్మా" అన్నాను. "ఇప్పుడు చెప్పిందే అబద్ధం."

"అయితే ఎక్కడ చెప్పారో అక్కడే చెప్పండి."

"నీకు చెప్పాగా."

"నాకు చెబితే మా అత్తయ్యకు తెలియదండి. శుక్రవారం ఆవిణ్ణి తీసుకొస్తాను." నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున కాలవగట్టు టీ దుకాణంలో ఈ సంగతి నా మిత్రుడికి చెప్పాను. వీడు నాతోపాటే బాపట్లలో భౌతికశాస్త్రం చెప్పి, నాతోపాటే తెనాలి చేరినవాడు. హేతువాది. ఋజువు చూపించి కొలవగలిగిందే నిజం, మిగిలిందంతా శబ్దకాలుష్యమంటాడు. గుడ్డసంచీలో కరపత్రాలు పెట్టుకుని స్టేషన్లో పంచుతాడు. మా సంఘం వాళ్ళు కూడా అదే స్టేషన్లో పంచుతారు. ఇద్దరి కరపత్రాలూ ఒకే ప్రెస్సులో, ఒకే పసుప్పచ్చ కాగితం మీద అచ్చవుతాయి. ఇద్దరివీ జనం ఒకే తీరున మడిచి జేబులో పెట్టుకుంటారు, పల్లీలు తినడానికి.

"చూడరా" అన్నాడు వాడు. "మనిషి బుద్ధికి మూడు స్టేషన్లు. మొదటిది దేవుడు. రెండోది తత్త్వం, అంటే ఉత్త మాటలు. మూడోది సైన్సు. అందరూ తెనాలి జంక్షన్‌కొచ్చేశారు. నువ్వింకా రేపల్లెలో బండెక్కుతున్నావు."

"రేపల్లెలో ఎక్కితేనేగా తెనాలి వచ్చేది."

"వచ్చాక దిగాలి మరి. మా సభ పెడతాను, వచ్చి చెప్పు. పాస్టర్లు నాచేత అబద్ధమాడించారు, అందుకే మతం వదిలేశానని. హాలు నిండుతుంది."

"వదల్లేదురా నేను."

"అంతమాట అనక్కర్లేదు. సభంటే కాస్త భాష ఉండాలి" అన్నాడు.

అప్పుడు నేను టీ గ్లాసు కింద పెట్టి, "ఒరేయ్, కొలవగలిగిందే నిజమన్నావే, ఆ ముక్కను ఏ తక్కెట్లో పెట్టి కొలిచావురా" అన్నాను. వాడి నోరు పడిపోయింది. టీ దుకాణమంతా నవ్వింది.

అలా జరగలేదు. ఆ మాట నాకు మూడు రోజుల తర్వాత ఇంట్లో పళ్ళు తోముకుంటుంటే తట్టింది. అక్కడ మాత్రం బిస్కెట్టు టీలో ముంచి, విరిగి పడిపోయిన ముక్కను స్పూనుతో వెతుక్కున్నాను. వెతుకుతూ ఒకటి మాత్రం గ్రహించాను. పాస్టరుకూ వీడికీ కావలసింది ఒక్కటే, దారి మార్చుకున్నవాడు. అటునుంచి ఇటొచ్చినవాడో, ఇటునుంచి అటెళ్ళినవాడో. ఉన్నచోటే రెండు కాళ్ళ మీదా నిలబడి ఉన్నవాడికి ఏ వేదిక మీదా కుర్చీ లేదు.

చదువుకున్న క్రైస్తవులు దీనికొక మందు కనిపెట్టారు. ఎలా జరిగిందో సైన్సు చెబుతుంది, ఎందుకు జరిగిందో విశ్వాసం చెబుతుంది, గొడవ లేదు అంటారు. క్యాలెండరు మీద అచ్చువేసుకునే మాట. నేనూ చాలామందికి ఈ మందే పోశాను. తాగినవాళ్ళకు జబ్బు లేదు గనక తగ్గింది.

శుక్రవారం రేపల్లె వెళ్ళాం. అమ్మాయి వచ్చింది. పక్కన అత్తగారు, తెల్లచీర, ఒళ్ళో సంచి, పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులాంటి చూపు. ఆడవాళ్ళ వైపు గోడకానుకుని చాప మీద కూర్చున్నారు. పాస్టరు నన్ను చూసి మొహం విప్పార్చుకుని, "సార్‌గారూ, ఈరోజు ఇంకో సాక్ష్యమా" అని తన ఫోను స్టాండుకు బిగించాడు.

లేచి నిలబడ్డాను. "సహోదరులారా, మీ ముందు నిలబడ్డవాడు ఘోరపాపి" అన్నాను. ఆ నిట్టూర్పు మళ్ళీ వచ్చింది. స్తోత్రం అని ఎవరో అన్నారు. నాకు లోపల కమ్మగా అనిపించింది. "అబద్ధాల ఊబిలో కూరుకుపోయి" అంటూ గొంతు వణికించాను. అలవాటు చూడండి. తప్పు ఒప్పుకోవడానికి లేచి, ఒప్పుకోలులోనే ఇంకో గొయ్యి తవ్వుతున్నాను. అప్పుడు గోడ దగ్గర ఆ అమ్మాయి తల వంచేసుకుంది. పైట చెంగు వేలికి చుట్టుకుంటోంది. అర్థమైపోయిందనుకుంటా.

మాట ఆపేశాను. తర్వాత క్లాసులో చెప్పినట్టు చెప్పాను.

"ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు. నేనెప్పుడూ నాస్తికుణ్ణి కాదు. ఒక్కరోజు కూడా. పరిణామం నిజమని చెప్పాను, ఇప్పుడూ నిజమే అంటున్నాను. చేత్తో పట్టుకుని చూశాను. దేవుడున్నాడని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. ఆయన్ని చేత్తో పట్టుకోలేదు. నాకు కోతితో తగాదా లేదు. ఆరు రోజులతో లేదు. నాకున్న తగాదా వేరు. ఒక చేప వెయ్యి గుడ్లు పెడితే బతికేది ఒకటో రెండో. ఆ మిగిలినవన్నీ పోతేనే ఈ ఒకటి ఇలా తయారైంది. అదీ నేను చెప్పిన పాఠం. పిచ్చుకను కూడా మరిచిపోడని మనం చెప్పుకునే దేవుడు, అన్ని ప్రాణాలు పారేసే పద్ధతి ఎందుకు పెట్టుకున్నాడో నాకు తెలియదు. ముప్ఫై మూడేళ్ళు సోమవారం పాఠం చెప్పి ఇంటికొచ్చి ఆయన్ని ఇదే అడిగాను. చెప్పలేదు. నేను అడగడం మానలేదు, గుడి మానలేదు. నా దగ్గరున్న సాక్ష్యం ఇంతే."

స్తోత్రం ఎవరూ అనలేదు. సాంబారు గంటె పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ వంటావిడ, "మేం ఏడుగురం పుడితే ఇద్దరం మిగిలామయ్యా. మా అమ్మా అదే అడిగేది" అంది, ఎవరితోనో మామూలుగా అన్నట్టు.

పాస్టరు ఫోను స్టాండులోంచి తీసి జేబులో వేసుకున్నాడు. "సార్‌గారూ, కోతి నుంచి మనిషొస్తే మరి ఇప్పటి కోతులు..." అని మొదలుపెట్టాడు. జనం కేసి చూశాడు. ఎవరూ నవ్వలేదు. పాట ఎత్తుకున్నాడు.

భోజనాలయ్యేలోపే కమిటీ పక్కగదిలో కూర్చుంది. సంఘాన్ని మోసగించినందుకు క్షమాపణ రాసివ్వాలట. అది న్యాయమే, అక్కడే రాసిచ్చాను. పరిణామం తప్పని కూడా రాయాలట. అది రాయనన్నాను. రాసేదాకా నన్ను బల్ల నుంచి ఆపేశారు. అంటే నెలనెలా అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు పళ్ళెం నన్ను దాటి పక్కవాడికి వెళుతుంది. సత్యం కోసం వెలివేయించుకున్న వీరుడినని ఇక్కడ ఒక పేజీ రాయగలను. నన్ను ఆ గదిలోకి లాగింది మొదటి అబద్ధం, పరిణామం సంగతి దానికి తగిలించారు. లోకంలో వీరులందరికీ ఇలాంటి మొదటిదొకటి ఉంటుందేమో తెలియదు. నాకైతే ఉంది.

తెనాలి ప్యాసింజరులో నలుగురం ఎదురెదురుగా కూర్చున్నాం. అత్తగారు సంచిలోంచి జామకాయలు తీసి మా ఆవిడకొకటిచ్చింది. నాకివ్వలేదు.

"ఆ శుక్రవారం ఒకటన్నాడు, ఈ శుక్రవారం ఒకటన్నాడు" అంది కోడలితో, నేను అక్కడ లేనట్టే. "ఈయన మాట ఏ వారం నమ్మాలో చెప్పమ్మాయ్, రాసిపెట్టుకుంటాను."

"ఈయన మాట నమ్మక్కర్లేదు అత్తయ్యా" అంది అమ్మాయి. "ఇరవై ఏళ్ళు ఈయన పేరు చెప్పాను, తప్పు నాది. ఇప్పుడు నేను చెబుతున్నాను. పాఠం నిజం. నేను చదివాను, పిల్లలకు చెబుతున్నాను. ప్రార్థనా చేసుకుంటాను. మీకిష్టం లేకపోతే నాతో మాట్లాడండి, వీడియోలు పెట్టకండి."

అత్తగారు జామకాయ కొరికి, చాలాసేపు నమిలింది. "గట్టిగానే మాట్లాడుతుంది" అంది మా ఆవిడతో.

"మాట్లాడనివ్వండి వదినగారూ. మా ఇంట్లో మాట్లాడేవాళ్ళ సంగతి చూశారుగా" అంది మా ఆవిడ.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఆ పిల్ల నా భుజం మీంచి దిగిపోయింది, భుజం తేలికై చలేసింది. సార్ చెప్పారు గనక అంటుందని, మళ్ళీ నా మీద ఆనుకుంటుందని, లోపల ఎక్కడో వడియాల కోసం పళ్ళెం పట్టుకుని కూర్చున్నాను.

తెనాలిలో దిగాం. వాళ్ళు బాపట్ల బండి కోసం ఇంకో ప్లాట్‌ఫారం మీదికి మారాలి. "ఆ కాగితం సోమవారం ఇస్తున్నావా అమ్మా" అన్నాను.

"ఇవ్వనండి. సోమవారం రెండో పీరియడ్ అదే పాఠం."

"మరి ప్రార్థన? వస్తోందా?"

"అది మీరు అడగకూడదండి" అంది.

కోపంగా అనలేదు. పరీక్షలో సిలబస్‌లో లేని ప్రశ్న వచ్చినప్పుడు పిల్లలు లేచి చెబుతారే, అలా అంది. అడగకూడదు, నిజమే. చెప్పుకునే హక్కు నాకు పోయింది, అడిగే హక్కు అంతకన్నా లేదు.

వెళుతూ వెళుతూ ఆమె కళ్ళల్లో నా మీద క్షమ మెరిసిందని రాద్దామని కలం పట్టుకున్నాను. మెరవలేదు. ఆమె నా తలమీదుగా రైళ్ళ బోర్డు చూస్తోంది. "మూడో నంబరంట, పద అమ్మాయ్" అంది అత్తగారు. ఇద్దరూ మెట్లెక్కారు, సంచి కోడలు అందుకుంది.